మిస్సింగ్ కొడుతున్న పెట్రోలు కారు: ఇగ్నిషన్ కాయిల్‌ని ఇంటి దగ్గరే పరీక్షించి సరిచేసుకోవడం ఎలా

వానలు మొదలైతే చాలు, శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ నాకు వచ్చే ప్రశ్న ఒకటే. "అన్నా, బండి మిస్సింగ్ కొడతంది. చెక్ ఇంజిన్ లైటెలిగింది. కాయిలు పోయిందంటన్నారు, మార్చీమంటావా?"

మిస్సింగ్ అంటే ఒకటో రెండో సిలిండర్లలో పెట్రోలు సరిగా మండకపోవడం. బండి చూడకుండా మార్చమనీ చెప్పలేను, వద్దనీ చెప్పలేను. కానీ మార్చేముందు మీ వాకిట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు, అరగంట ఓపిక చాలు. అది చేయకుండా కొత్త కాయిల్ కొన్నవాళ్లలో చాలామందికి మిస్సింగ్ అలాగే ఉంటుంది. తప్పు ప్లగ్గులోనో, ఎలుక కొరికిన వైరులోనో, ప్లగ్గు కూర్చునే గోతిలోకి దిగిన నీళ్లలోనో ఉంటుంది కాబట్టి. కాయిల్ నిజంగానే పోయినా, అది ఎందుకు పోయిందో చూడకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. అందుకే ఇక్కడ బిగించడం కంటే చూడడం గురించే ఎక్కువ రాశాను.

మొదలుపెట్టే ముందు

మీది డీజిల్ బండా? అయితే ఇది మీకు పనికిరాదు. డీజిల్ ఇంజిన్‌లో స్పార్కు ఉండదు, ఇగ్నిషన్ కాయిల్ కూడా ఉండదు. డీజిల్ బండి మిస్సింగ్ కొడితే ఇంజెక్టర్లు, డీజిల్ ఫిల్టరు, గాలి లీకు వైపు చూడాలి. పెట్రోలు, సీఎన్జీ, ఎల్పీజీ బండ్లకే కాయిల్.

బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల్ని కాయిల్ ఇరవై, ముప్పై వేల వోల్టులకి పెంచి ప్లగ్గుకి ఇస్తుంది. ఇంతకంటే సిద్ధాంతం మనకి అవసరం లేదు. మీ బండిలో అది ఏ రకమో మాత్రం తెలియాలి:

- ఇప్పటి కార్లలో ఎక్కువ భాగం ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిల్ కూర్చుని ఉంటుంది. మూడు సిలిండర్లయితే మూడు, నాలుగైతే నాలుగు.
- కొన్నింటిలో ఒకే కాయిల్ ప్యాక్ ఉండి, దాన్నుంచి లావుపాటి ప్లగ్గు వైర్లు వస్తాయి. నాలుగు సిలిండర్ల బండిలో 1, 4 ఒక జత, 2, 3 ఒక జత.
- పాత కార్బొరేటర్ మారుతి 800 లాంటివాటిలో ఒకే కాయిల్, దాని స్పార్కుని ప్లగ్గులకి వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటరు. అక్కడ కాయిల్ పోతే అన్ని సిలిండర్లూ ఒకేసారి ఆగిపోతాయి. ఒక్క సిలిండరు మిస్సింగ్ ఉంటే కాయిల్ జోలికి వెళ్లకండి. ప్లగ్గు, వైరు, డిస్ట్రిబ్యూటర్ మూత చూడండి.

ఏ లక్షణాలుంటే కాయిల్ మీద అనుమానపడాలి

ఐడిల్‌లో బండి ఊగుతుంది, స్టీరింగ్ చేతికి వణుకు తెలుస్తుంది. మూడు సిలిండర్ల చిన్న కార్లలో ఈ ఊపు మరీ ఎక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు, ఏసీ వేసినప్పుడు లాగదు. సైలెన్సర్ దగ్గర నిలబడితే ఒకే తాళంలో రావాల్సిన చప్పుడు మధ్యమధ్య తప్పుతుంది, పచ్చి పెట్రోలు వాసన వస్తుంది.

కాయిల్‌కి ప్రత్యేకమైన గుర్తు ఒకటి ఉంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బాగానే నడిచి, ఇంజిన్ బాగా వేడెక్కాక మిస్సింగ్ మొదలై, చల్లారాక మళ్లీ మామూలైతే కాయిల్ లోపలి చుట్టలో చీలిక ఉందని గట్టిగా అనుమానించవచ్చు. శ్రీకాకుళంలో బయల్దేరినప్పుడు ఏమీ లేదు, నరసన్నపేట దాటాక మొదలైంది అంటారే, అలాంటివి. దీనికి తిరగబడిన కథ కూడా ఉంది: పొద్దున్నే మిస్సింగ్ కొట్టి, వేడెక్కాక సర్దుకుంటే తేమ సంగతి. కాయిల్ కొనకండి, ముందు ఆరబెట్టండి.

సీఎన్జీ బండి ఉన్నవాళ్లకి ఒక సులువు ఉంది. గ్యాసుని మండించడానికి పెట్రోలు కంటే గట్టి స్పార్కు కావాలి. అందుకే బలహీనపడుతున్న కాయిల్ గానీ, అరిగిన ప్లగ్గు గానీ ముందు గ్యాసు మీదే బయటపడుతుంది. గ్యాసు మీద మిస్సింగ్ ఉండి, పెట్రోలుకి మార్చగానే తగ్గితే స్పార్కు వైపు వెతకడం మొదలుపెట్టండి.

చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే బండి నడపకండి. నిలకడగా వెలగడం వేరు, మిణుకుమనడం వేరు. మిణుకుమంటోందంటే మండని పెట్రోలు సైలెన్సర్ గొట్టంలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని అర్థం. కన్వర్టర్ ఎర్రగా కాలుతుంది, కాలిపోతే కాయిల్ ఖర్చుకి ఎన్నో రెట్లు అవుతుంది. ఇంకొక ప్రమాదం మన దగ్గర మరీ ఎక్కువ. నూర్పుళ్ల రోజుల్లో రోడ్ల మీదా, పక్కనా గడ్డి, ఉలవ కట్టె, నువ్వు కట్టె పరిచి ఉంటాయి. అలాంటి చోట మిస్సింగ్ బండిని ఆపితే కింద గడ్డి అంటుకుంటుంది. ఖాళీ నేల చూసి ఆపండి.

కావలసినవి

- బండి కంప్యూటరు దాచుకున్న తప్పుల కోడ్లు చదివే ఓబీడీ స్కానరు. ఫోనుకి బ్లూటూత్‌తో కలిసే చవకది చాలు.
- 10 నంబరు టీ స్పానరు లేదా సాకెట్. కొన్ని బండ్లకి 8 నంబరు పడుతుంది.
- ప్లగ్గు సాకెట్, పొడుగు ఎక్స్‌టెన్షన్ రాడ్డు. ప్లగ్గు సైజు 16 గానీ 14 గానీ ఉండొచ్చు, ముందే చూసుకోండి.
- మల్టీమీటరు
- కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, ప్లగ్గు బూటుకి (ప్లగ్గు నెత్తిన తొడిగే రబ్బరు గొట్టం) రాసే సిలికాన్ డైఎలక్ట్రిక్ గ్రీజు
- టార్చిలైటు, పొడి గుడ్డ, మార్కర్ పెన్ను
- గాలి కొట్టే సాధనం. లేకపోతే సైకిల్ పంపుకి సన్న గొట్టం తగిలించినా పనవుతుంది.

స్కానరు లేకపోతే పని ఆగదు, కొంచెం నెమ్మదిస్తుంది. ఆ దారి కూడా కింద చెప్పాను.

జాగ్రత్తలు

ఇంజిన్ నడుస్తుండగా కాయిల్‌ని గానీ ప్లగ్గు వైరుని గానీ చేత్తో పట్టుకోవద్దు, పైకి లాగొద్దు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పనికి పూర్తిగా దూరంగా ఉండాలి. ప్లగ్గు బయటికి తీసి ఇంజిన్‌కి ఆనించి సెల్ఫ్ కొట్టి స్పార్కు చూడడం పాత అలవాటు. దాన్ని ఇప్పటి బండ్లలో వదిలేయండి. ఆ గోతిలోంచి పెట్రోలు ఆవిరి బయటికొస్తుంది, పక్కనే స్పార్కు పడుతుంది. ఎర్త్ సరిగా తగలకపోతే ఆ కరెంటు దారి వెతుక్కుంటూ కాయిల్ లోపలి ఎలక్ట్రానిక్స్‌నీ ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు ఈసీయూనీ చెడగొట్టగలదు. మనం చేయబోయే మార్పిడి పరీక్షకి ఇదేదీ అక్కర్లేదు.

1. కోడ్ చదివి రాసుకోండి, చెరపకండి

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కి స్కానరు పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి కోడ్లు చదవండి. మనకి కావలసినవి మూడు రకాలు:

- పి0301, పి0302, పి0303, పి0304: చివరి అంకె ఏ సిలిండరో చెబుతుంది. పి0302 అంటే రెండో సిలిండరు మిస్సింగ్.
- పి0300: ఒకచోట అని కాదు, అక్కడొకటి ఇక్కడొకటి. ఇది ఒక్క కాయిల్ తప్పు కావడం అరుదు. కల్తీ పెట్రోలు, గాలి లీకు, తక్కువ ఫ్యూయల్ ప్రెషరు, అన్ని ప్లగ్గులూ అరిగిపోవడం చూడాలి.
- పి0351 నుంచి పి0354: ఇది కాయిల్ సర్క్యూట్ కోడ్. కాయిల్ తప్పు కావచ్చు, దానికి వెళ్లే వైరు తప్పు కూడా కావచ్చు. ఇది కనిపిస్తే వైరింగ్ చూడకుండా కాయిల్ కొనకండి.

కోడ్ "రెండో సిలిండరు మిస్సింగ్" అంటుంది, "రెండో కాయిల్ పోయింది" అనదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాలోనే జనం డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ఒకటో సిలిండరు ఎటువైపు? ఇంజిన్ అడ్డంగా ఉన్న చిన్న కార్లలో ఎక్కువగా ఏసీ బెల్టు, ఆల్టర్నేటర్ బెల్టు ఉన్న వైపు ఒకటి. కొన్ని బండ్లలో తిరగేసి ఉంటుంది, మాన్యువల్‌లో చూసుకోండి.

స్కానరు లేకపోతే: ఇంజిన్ ఆపి, ఒకటో కాయిల్ కప్లర్ (కాయిల్‌కి వైర్లు తగిలించే ప్లాస్టిక్ మూతి) ఊడదీయండి. స్టార్ట్ చేసి పది సెకన్లు వినండి, ఆపండి. కప్లర్ తిరిగి పెట్టి, రెండోదానితో అదే చేయండి. ఏ కాయిల్ ఊడదీసినప్పుడు చప్పుడులో మార్పే రాలేదో, ఆ సిలిండరు అంతకుముందే పని చేయడం లేదు. ఇంజిన్ నడుస్తుండగా కప్లర్లు పీకొద్దు. పది సెకన్లు దాటించొద్దు, ఆ కాసేపూ కన్వర్టర్‌లోకి పచ్చి పెట్రోలు పోతూనే ఉంటుంది. ఇలా చేశాక కొత్త కోడ్లు పడతాయి, అవి మీరు తెచ్చినవేనని గుర్తుంచుకోండి.

2. ముందు కళ్లతో చూడండి

ఇంజిన్ చల్లారనివ్వండి. పైన ప్లాస్టిక్ కవరు ఉంటే తీసేయండి. టార్చి వేసి వైర్లన్నీ చివరిదాకా చూడండి.

పల్లెల్లో, పంట ఇళ్లకి చేరిన రోజుల్లో, ధాన్యం బస్తాల పక్కనో గడ్డివాము పక్కనో పెట్టే బండ్లకి ఎలుకల బెడద ఎక్కువ. రాత్రి ఇంజిన్ వేడికి చేరి కప్లర్ దగ్గరి సన్న వైర్లు కొరుకుతాయి. పైన గొట్టం బాగానే కనిపిస్తుంది, అడుగున కొరికి ఉంటుంది, కాబట్టి వేలితో తడిమి చూడాలి. ఎలుక పెంటికలు, గడ్డి పరకలు కనిపిస్తే కాయిల్ ఆలోచన కాసేపు పక్కన పెట్టండి.

కళింగపట్నం, భావనపాడు, బారువ, ఇటు చింతపల్లి లాంటి తీరం ఊళ్ల బండ్లలో ఉప్పుగాలికి కప్లర్ పిన్నులు పచ్చబడతాయి. తీసి చూస్తే పిన్ను మీద ఆకుపచ్చ పొడి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాలుగైదుసార్లు పెట్టి తీస్తే ఆ పొడి రాలిపోతుంది. గరుకు కాగితంతో గీకొద్దు. పిన్ను మీది పూత పోతే తుప్పు మరింత త్వరగా పడుతుంది.

వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడే మిస్సింగ్ వచ్చిందా? ఇంజిన్ మీద ప్రెషర్ గన్‌తో నీళ్లు కొట్టి ఉంటారు. కాయిల్ తీసి, గోతిలో గాలి కొట్టి, బూటుని ఎండలో ఆరబెట్టి మళ్లీ పెట్టండి. సగం బండ్లకి ఇదే వైద్యం. ఇంజిన్ మీద నీళ్లు కొట్టొద్దని సర్వీసింగ్ వాళ్లకి ముందే చెప్పండి, అడిగితే మానేస్తారు.

3. మార్పిడి పరీక్ష

అసలు పరీక్ష ఇదే. కోడ్ పి0302 అని అనుకుందాం.

బ్యాటరీ మైనస్ తీసేముందు కోడ్లు రాసుకున్నారో లేదో మరోసారి చూసుకోండి, తీశాక కొన్ని బండ్లలో అవి పోతాయి. ప్రతి కాయిల్ మీదా మార్కర్‌తో నంబరు వేయండి. కప్లర్ లాకు నొక్కి లాగండి. వేడికి ఎండిన ప్లాస్టిక్ లాకులు చిటుక్కున విరుగుతాయి. బలం పెట్టకుండా ముందు కొంచెం లోపలికి తోసి, లాకు నొక్కి, అప్పుడు లాగితే వస్తుంది. బోల్టు విప్పండి. కాయిల్‌ని నేరుగా పీకకుండా అటూ ఇటూ కొద్దిగా తిప్పి, బూటు ప్లగ్గు నుంచి వదిలాక పైకి తీయండి. బూటు తెగి గోతిలో ఉండిపోతే పొడుగు ముక్కు ప్లయరుతో తీయండి.

ఇప్పుడు రెండో కాయిల్‌ని మూడో సిలిండరులోనూ, మూడోదాన్ని రెండోదాంట్లోనూ పెట్టండి. ప్లగ్గులు ముట్టుకోకండి. ఒకేసారి కాయిలూ ప్లగ్గూ రెండూ మార్చితే పరీక్షకి అర్థమే ఉండదు. కప్లర్లు ఏ సిలిండరువి ఆ సిలిండరుకే. బ్యాటరీ తగిలించి, కోడ్ చెరిపి, మిస్సింగ్ వచ్చే పరిస్థితి మళ్లీ వచ్చేదాకా బండి నడపండి. వేడెక్కాకే వచ్చే మిస్సింగ్‌ని వాకిట్లో రెండు నిమిషాలు ఐడిల్ చేసి "లేదు" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

మళ్లీ కోడ్ చదవండి:

- పి0303కి మారితే తప్పు కాయిల్‌తోపాటే వెళ్లింది. కాయిల్ గానీ దాని బూటు గానీ పోయింది.
- పి0302లోనే ఉంటే కాయిల్ మంచిదే. ఇప్పుడు ప్లగ్గుల్ని ఇలాగే మార్చి చూడండి.
- అసలు రాకపోతే సంతోషించి వదిలేయకండి. కప్లర్ వదులుగా ఉండి, తీసి పెట్టడంలో సర్దుకుని ఉంటుంది. నాలుగు రోజులు చూడండి, కప్లర్ పిన్నులు చూడండి.

కాయిల్ ప్యాకు, వైర్లు ఉన్న బండి అయితే లెక్క వేరు. 1, 4 రెండూ కలిసి మిస్సింగ్ కొడితే కాయిల్ ప్యాకులో ఆ సగం పోయి ఉంటుంది. 1 మాత్రమే కొడితే కాయిల్ చాలావరకు మంచిదే, ముందు వైరూ ప్లగ్గూ చూడండి. ఈ బండ్లకి రాత్రి పరీక్ష బాగా పనికొస్తుంది. చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా దూరంగా నిలబడి చూడండి. వైరు లీకు ఉంటే నీలంగా సన్న మెరుపు ఇంజిన్ లోహం వైపు దూకుతూ కనిపిస్తుంది, చిటచిటమని చప్పుడు వినిపిస్తుంది. చేయి పెట్టకండి, చున్నీలు, కండువాలు ఫ్యాను దగ్గరికి రానివ్వకండి.

4. ప్లగ్గు, బూటు, గోయి

మార్పిడి పరీక్షలో కాయిల్ దోషమని తేలినా ఈ మెట్టు వదలొద్దు. కాయిల్ చావుకి కారణం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది.

గోతిలోకి టార్చి వేయండి. నూనె కనిపిస్తే టాపెట్ కవర్ ప్యాకింగ్ గానీ, ప్లగ్గు గొట్టం సీలు గానీ కారుతోంది. నూనెలో నానిన రబ్బరు బూటు ఉబ్బి, మెత్తబడి, లోపలి నుంచి కరెంటు లీకవుతుంది. ప్యాకింగ్ మార్చకుండా కాయిల్ మాత్రం మార్చితే కొన్ని నెలల్లో మళ్లీ ఇదే పని. నీళ్లు కనిపిస్తే అవి ఎక్కడి నుంచి దిగుతున్నాయో చూడండి. చెట్ల కింద పెట్టే బండ్లలో ముందు అద్దం అడుగున వైపర్ల దగ్గర ఆకులు పేరుకుని, వాన నీరు పోయే రంధ్రం మూసుకుని, ఆ నీరు ఇంజిన్ మీదికి కారుతుంది. ఆకులు తీస్తే పనైపోతుంది.

ప్లగ్గు విప్పేముందు గోతిలో గాలి కొట్టి శుభ్రం చేయండి. ఇసుక, తుప్పు పొడి అక్కడుండగా ప్లగ్గు విప్పితే అది నేరుగా సిలిండరులోకి పడుతుంది.

ప్లగ్గు తీశాక తెల్ల పింగాణీని చూడండి. దాని మీద పైనుంచి కిందికి పెన్సిలు గీతంత సన్నగా నల్ల గీత ఉందా? అది స్పార్కు ప్లగ్గు కొనకి పోకుండా బయటి నుంచి లోహంలోకి దూకిన దారి. ఆ గీతకి ఎదురుగా బూటు లోపల కూడా గుర్తు ఉంటుంది. గీత పడితే ప్లగ్గూ బూటూ రెండూ మార్చాలి. ఒక్కటి మార్చితే పాతదాని గీత కొత్తదానికి అంటుకుంటుంది. పింగాణీ అడుగున లోహం అంచు చుట్టూ గోధుమరంగు మరక మాత్రమే ఉంటే భయం లేదు. అది మామూలే, లీకు కాదు. ఆ మరక చూసి మంచి ప్లగ్గులు పారేయకండి.

తర్వాత గ్యాపు, అంటే ప్లగ్గు కొన దగ్గర స్పార్కు దూకే సందు. ఎక్కువ కార్లకి 0.8 నుంచి 1.1 మి.మీ. మధ్య ఉంటుంది, మీ బండి అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ప్లగ్గు అరిగి గ్యాపు పెరిగేకొద్దీ దాన్ని దాటడానికి కాయిల్ మరింత వోల్టేజి పుట్టించాలి. రోజూ అలా శ్రమపడి లోపలి ఇన్సులేషన్ కాలిపోతుంది. కాయిల్ పోయిన బండిలో అరిగిన ప్లగ్గులు దొరకడం నాకు మామూలుగా కనిపించే దృశ్యం. అందుకే కాయిల్ మార్చేటప్పుడు పాత ప్లగ్గులుంటే సెట్టు మొత్తం మార్చమంటాను. కాయిల్స్ మాత్రం పోయినదాన్నే మార్చండి. ఇరిడియం ప్లగ్గులైతే గ్యాపు గేజితో నొక్కి వంచొద్దు, కొన విరుగుతుంది.

5. మల్టీమీటరు: ఎంతవరకు నమ్మాలి

కాయిల్ కప్లర్‌లో రెండే పిన్నులుంటే ఆ రెండింటి మధ్య ఓంలు కొలవండి. సాధారణంగా 0.4 నుంచి 2 ఓంల మధ్య వస్తుంది. ముందు మీటరు తీగల్ని ఒకదానికొకటి ఆనించి వచ్చిన అంకెని తీసేయాలి, ఇంత చిన్న కొలతలో అదే సగం ఉంటుంది. కాయిల్ ప్యాకులో జత టవర్ల (ప్లగ్గు వైర్లు తగిలే కొమ్ముల) మధ్య కొలిస్తే కొన్ని వేల ఓంలు, తరచుగా 6,000 నుంచి 15,000 దాకా రావచ్చు. మీ బండికి కచ్చితమైన అంకె తెలియకపోతే పక్కనున్న మంచి కాయిల్‌తో పోల్చుకోండి. మూడూ ఒకలా ఉండి ఒకటి బాగా తేడాగా ఉంటే అదే దొంగ.

మూడు, నాలుగు పిన్నుల కాయిల్స్ లోపల ఎలక్ట్రానిక్ స్విచ్చి ఉంటుంది. వాటిని ఓంలతో తేల్చలేం. "మీటరు పెట్టాను, ఏమీ చూపించలేదు, పోయింది" అని మంచి కాయిల్ పారేసినవాళ్లున్నారు. ఇంకో సంగతి: వేడికి తెరుచుకునే చీలిక చల్లటి కాయిల్‌లో మీటరుకి దొరకదు. మీటరు చెడ్డదంటే నమ్మవచ్చు. మంచిదంటే పూర్తిగా నమ్మకండి. ఆఖరి మాట మార్పిడి పరీక్షదే.

6. కాయిల్‌కి కరెంటు వస్తోందా

మార్పిడిలో తప్పు కాయిల్‌తో కదలకుండా, ప్లగ్గుతోనూ కదలకపోతే, లేదా పి0351 రకం కోడ్ ఉంటే ఇది చేయండి. కప్లర్ ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, మీటరు నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కి పెట్టి, ఎర్ర తీగతో కప్లర్ పిన్నులు ఒక్కొక్కటీ చూడండి. ఒకదాంట్లో బ్యాటరీ వోల్టేజి, అంటే దాదాపు 12 రావాలి. కొన్ని బండ్లలో ఇగ్నిషన్ ఆన్ చేసిన కొద్ది సెకన్లకే సరఫరా ఆగిపోతుంది, కాబట్టి ఒకరిని లోపల కూర్చోబెట్టి తాళం తిప్పమనండి. అన్ని కాయిల్స్‌కీ రాకపోతే ఫ్యూజు, రిలే. ఒక్కదానికే రాకపోతే ఆ వైరు. మీటరు పెట్టి ఉంచి వైరుని కదిపి చూడండి. అంకె పడిలేస్తుంటే లోపల తెగి ఉంది.

బల్బు టెస్ట్ ల్యాంపుని సిగ్నల్ పిన్నుకి పెట్టొద్దు. బల్బు లాగే కరెంటు ఈసీయూకి చేటు.

తెగిన వైరుని మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టడం నాలుగు వానల పని. టంకం వేసి, హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, కదలకుండా కట్టండి.

7. ఏది బాగవుతుంది, ఏది కాదు

కాయిల్ లోపలి చుట్టలు గట్టి రెసిన్‌లో పోసి ఉంటాయి. విప్పి చుట్టడం కుదరదు. పగిలిన కాయిల్‌కి ఎం-సీల్ పెట్టడం, టేపు చుట్టడం చూస్తుంటాను. వేల వోల్టులు దాన్ని లెక్కచేయవు, వేడికి అది మళ్లీ విడుతుంది. ఒంటి మీద పగులు ఉంటే కాయిల్ మార్చడమే.

బాగయ్యేవి ఇవి: రబ్బరు బూటు, లోపలి స్ప్రింగు (కొన్ని బండ్లకి విడిగా దొరుకుతాయి), పచ్చబడిన పిన్నులు, విరిగిన కప్లర్, కొరికిన వైర్లు, కారుతున్న ప్యాకింగు. బూటు ఒక్కటి మార్చి బాగైన బండ్లు చాలా ఉన్నాయి, కాబట్టి కాయిల్ పారేసేముందు బూటు లాగి లోపల చూడండి.

కొనేటప్పుడు పాత కాయిల్ చేతిలో పట్టుకెళ్లండి, దాని మీది పార్టు నంబరూ బండి ఛాసిస్ నంబరూ చెప్పండి. చూడ్డానికి ఒకేలా ఉండి లోపల వేరేవి ఉంటాయి. మన ఊళ్లో దొరకలేదని చేతికి దొరికిన నకిలీది కొనకండి. విశాఖపట్నంలో ఉంటే ఆర్టీసీ కార్గోలో వేయిస్తారు, ఒకటి రెండు రోజులు ఆగడం మేలు.

8. బిగించడం

ప్లగ్గుని ముందు ఎక్స్‌టెన్షన్ రాడ్డుకి తగిలించి వేళ్లతోనే తిప్పండి. మర పట్టుకోకపోతే బలవంతం చేయొద్దు, వెనక్కి తిప్పి మళ్లీ పెట్టండి. హెడ్ అల్యూమినియం, మర పోతే ఖర్చు పెద్దది. వాషరున్న కొత్త ప్లగ్గుని వేళ్లతో ఆనించాక స్పానరుతో అర చుట్టు, కొంచెం ఎక్కువ. పాతదే తిరిగి పెడుతుంటే అంత వద్దు, ఆనాక కొద్దిగా బిగిస్తే చాలు. టార్క్ రెంచి ఉంటే మాన్యువల్ అంకె వేయండి.

బూటు లోపలి అంచు చుట్టూ డైఎలక్ట్రిక్ గ్రీజు పలచగా రాయండి. స్ప్రింగుకి, ప్లగ్గు కొనకి అక్కర్లేదు. మామూలు గ్రీజు, వేసలిన్ రాయొద్దు, రబ్బరు పాడవుతుంది. కాయిల్‌ని నేరుగా కిందికి నొక్కండి, ప్లగ్గు మీద కూర్చోవడం చేతికి తెలుస్తుంది. బోల్టు మెల్లగా, కాయిల్ కదలనంత వరకే. కప్లర్ "టిక్" మనాలి. టిక్ మనకపోతే మళ్లీ తీసి చూడండి. వంగిన పిన్ను లోపల ఉండొచ్చు. చివర్లో బ్యాటరీ మైనస్ తగిలించండి.

9. బాగైందో లేదో తేల్చుకోండి

కోడ్ చెరిపి స్టార్ట్ చేయండి. బ్యాటరీ తీసినందువల్ల మొదటి కొన్ని నిమిషాలు ఐడిల్ కొంచెం ఎక్కువ తక్కువ కావచ్చు, కంగారుపడకండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఏసీ వేసి, చేతిని స్టీరింగ్ మీద ఉంచి వణుకు చూడండి.

తర్వాత బరువు మీద పరీక్ష. చదును రోడ్డు మీద సర్దుకుపోయే బలహీన స్పార్కు ఎత్తు మీద బయటపడుతుంది. టౌన్లో ఉంటే ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు మూడో గేరులో తక్కువ స్పీడు నుంచి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి చూడండి, వెనక బండ్లు లేనప్పుడు. విజయనగరం వైపు వాళ్లకి శృంగవరపుకోట దాటాక అరకు వెళ్లే ఘాట్ ఉంది, సాలూరు ఘాట్ ఉంది. నలుగురు ఎక్కిన బండి అక్కడ తడబడకుండా లాగితే పని అయినట్టే. ఘాట్‌కి వెళ్లేముందు దగ్గర్లో ఒక చుట్టు తిరిగి రండి, సగం దారిలో ఆగిపోవద్దు.

ఇంటికొచ్చాక స్కానరు మళ్లీ పెట్టండి. లైటు వెలగకపోయినా పెండింగ్ కోడ్లు చూడండి. వచ్చిన తప్పు ఇంకా ఖరారు కాకపోతే అక్కడే ఉంటుంది. వారం తర్వాత, వీలైతే ఒక వాన తడిశాక, మరోసారి చూడండి. కన్వర్టర్ పని తగ్గిందని చెప్పే పి0420 కొత్తగా కనిపిస్తే మిస్సింగ్‌తో ఎక్కువ రోజులు నడిపినందువల్ల కన్వర్టర్ దెబ్బతిని ఉండొచ్చు. వెంటనే కన్వర్టర్ కొనకండి. కోడ్ చెరిపి కొన్ని రోజులు నడిపి, మళ్లీ వస్తేనే చూపించండి.

దారిలో పోతే

హైవే మీద మిస్సింగ్ మొదలై, లైటు మిణుకుమంటుంటే పక్కకి ఆపండి. దగ్గర్లో షెడ్డు ఉండి, ఏ సిలిండరో తెలిసి ఉంటే, ఇంజిన్ ఆపి ఆ సిలిండరు పెట్రోలు ఇంజెక్టర్ కప్లర్ ఊడదీయండి. పెట్రోలు రాకపోతే కన్వర్టర్ కాలదు. బండి ఊగుతూ, ఈడ్చుకుంటూ, తక్కువ స్పీడులో ఆ కాస్త దూరం వెళ్తుంది. ఇంజెక్టర్ చేతికి అందని బండ్లలో ఇది కుదరదు, అప్పుడు టోయింగే.

కాయిలూ ప్లగ్గూ మార్చినా అదే సిలిండరు మిస్సింగ్ కొడితే

కరెంటు వస్తోంది, కాయిల్ మంచిది, ప్లగ్గు కొత్తది, అయినా పి0302 వదలడం లేదంటే స్పార్కు వైపు పని ముగిసింది. ఇంజెక్టర్‌ని పక్క సిలిండరుతో మార్చి చూడడం, ఇన్‌టేక్ ప్యాకింగ్ దగ్గర గాలి లీకు, చివరికి కంప్రెషన్ పరీక్ష. ఈ మూడూ షెడ్డులో చేయించాల్సినవి. వెళ్లేటప్పుడు మీరు రాసుకున్న కాగితం తీసుకెళ్లండి: మొదటి కోడ్, ఏది దేనితో మార్చారు, మార్చాక వచ్చిన కోడ్, వేడిలో వస్తుందా చల్లగా ఉన్నప్పుడా, గ్యాసు మీదా పెట్రోలు మీదా. మెకానిక్ మొదటి నుంచి వెతకక్కర్లేదు, మళ్లీ కాయిల్ మార్చమనీ అనడు.